టికెట్ మిషన్‌ల లేని ఊరు

వారానికొక్క సెలవు నాకు.
తక్కిన ఆరు దినాలు దేవరకొండ డిపో బస్సుల నిలబడి
ఎక్కినోళ్లందరిని "ఏ ఊరు?" అని అడుగుత.
చిల్లర లేనోళ్లు కూడ ఊరు మాత్రం టక్కున చెప్తరు.
నన్ను అడిగితేనే
నోట్ల మాట తిరగదు.

మమ్ముల తిమ్మంచెర్లోళ్లంటరు.
ఆ స్టేజీ నా మిషన్‌ల లేదు.
ఏ రూటు ఒత్తినా రాదు.
మా పెద్దత్తను అడిగితే ఒకటే చెప్తది:
"మనం ఈడోళ్లం కాదే. కృష్ణ ఒడ్డు మనది.
కరువుల ఏడు దినాలు నడిచిన్రట.
ఎనిమిదో దినం ఎద్దు కూలబడ్డది,
అది లేవలే, మనం లేవలే."

అందుకని నా సెలవులన్నీ రికార్డు రూముకిస్తున్న.
ఎర్రబట్ట మూటలు. ముడి విప్పితే
వేపాకు నుసి, ఎలుక వాసన.
ఉర్దూ నాకు చీమలబారు.
బుర్హాన్ సాబు చదువుతడు,
సర్వే ఆఫీసుల నకళ్లు రాసి రాసి
ఒక కన్ను శుక్లాలకిచ్చి, ఇంకో కన్ను భూతద్దానికిచ్చిన మనిషి.
పైసలియ్యబోతే చెయ్యి ఎనుకకు గుంజుకుంటడు.
మక్తల్ పోయిననాడు
నేను కండక్టర్నని చెప్పినా వినకుండ
తన టికెట్ తానే కొనుక్కున్నడు.

"ఫసలీ తేరాసౌ ఇక్తీస్" అన్నడు.
"ఐదొందల తొంభై కలుపు బిడ్డా, నీ లెక్కకొస్తది."
కలిపిన. పందొమ్మిదొందల ఇరువై ఒకటి.
తిమ్మంచెర్ల, నాలుగెకరాల పదకొండు గుంటల చెల్క,
పట్టాదారు ఖానాల మా ముత్తాత.
పట్టాదారు!
మేం ఎన్నడు ఎవరికి ఆ ముక్క చెప్పుకోలే,
మాకే తెల్వదు.

పేరేందంటే సాబు ఆగిండు.
మొదటి అచ్చరం చుక్క కాడ పురుగు తొలిచిన బొక్క.
చుక్క పైనుంటే నాగప్ప,
కిందుంటే బాగప్ప.
కాయితం కిటికీకి పట్టి చూసినం.
బొక్కల నుంచి ఆఫీసు ముందరి వేపచెట్టు కనపడ్డది,
ముత్తాత కనపడలే.

పక్క ఖానాల ఒకటే మాట: రాజీనామా.
నాకు నవ్వొచ్చింది. "అది మంత్రులిచ్చేది గద సాబూ?"
ఆయన నవ్వలే.
శిస్తు కట్టలేనోడు సర్కారుకు రాసిచ్చేదంట,
ఈ భూమికి నాకు ఇంక వాస్తా లేదని.
కింద ఏలిముద్ర.
వందేండ్లకు కూడ గీతలు తేటగున్నయి.
మా అమ్మ ఏలు రేషన్ మిషన్‌ల పడదు,
పత్తి ఏరి ఏరి అరిగింది.

దేవరకొండ మూటల మళ్ల దొరికిండు.
ఇప్పుడు పట్టా ఇంకొకరిది.
కాస్తు ఖానాల, సన్నగ, ఇరికిచ్చి రాసినట్టు:
గైర్ సాకిన్.
ఈ ఊరోడు కాడు, అని.
పదేండ్ల పహాణీలు తిరగేసినం, పదేండ్లూ అదే మాట.
ఎన్ని పంటలు తీస్తే
మనిషి ఊరోడైతడో ఏ ఖానాల రాయలేదు.

ముత్తవ్వ పేరు ఎక్కడా లేదు.
ఒక తకావీ లెక్కల మాత్రం, విత్తనాల అప్పుకు జామీను:
ఎద్దు ఒకటి,
కాళ్ల కడియాలు జత, వెండి, ఇరువై ఎనిమిది తులాలు.
సాబు చదువుడు ఆపి అద్దాలు తుడుచుకున్నడు.
నేను నా కాళ్ల దిక్కు చూసుకున్న,
ఖాకీ పాయింటు, డ్యూటీ బూట్లు.

రాత్రి ఇంటికొచ్చి పెద్దత్తకు అన్నీ చెప్పిన.
పల్లికాయ ఒలుస్తున్నది.
నాగప్పో బాగప్పో అంటే
"పిలిస్తే పలికిండు గద, చాలు" అన్నది.
రాజీనామా అంటే ఊఁ కొట్టింది.
కడియాల మాట చెప్పంగనే
చేతులు ఆగినయి.
తులాలు మళ్లొకసారి చెప్పిచ్చుకున్నది.
"ఇడిపిచ్చిన్రా?" అన్నది.

అడగలేదు నేను.
ఆ పుట తిప్పనే లేదు.

వచ్చే సెలవు బేస్తారం.