ఏమడిగాడో

మా దేశానికి సముద్రం లేదు.
పటంలో కాస్త నీలం ఉంది గానీ
అది ఉప్పు తెలియని నీలం, మంచినీళ్ళ సరస్సు.
అందుకే లాజిస్టిక్స్ మూడో ఏడు చదివే మేం నలభై ఒక్కరం
కంపాలాలో బస్సెక్కి
రాత్రీ పగలూ మళ్ళీ రాత్రీ కూర్చుని
కాళ్ళు బూరెల్లా పొంగాక
మొంబాసాలో దిగాం.

దిగగానే కిసాకే చేసిన మొదటి పని
సముద్రంలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకోవడం.
"నిజమే," అంది.
పాఠ్యపుస్తకం మీద దానికి మొదట్నుంచీ నమ్మకం తక్కువ.

గేటు దగ్గర పసుప్పచ్చ చొక్కాలిచ్చారు,
ఎవరిదో చెమట వాసన ఇంకా ఆరని టోపీలిచ్చారు.
రేవు చూపించడానికి వచ్చిన చెంగో
ఒకప్పుడు ఇక్కడే లెక్కల గుమాస్తా.
కాఫీ గోతాం దిగితే ఒక సుద్దగీత,
కిత్తనార కట్ట దిగితే ఒక సుద్దగీత,
ఐదోది అడ్డంగా.
"ఇప్పుడు పెట్టెలో ఏముందో నాకూ తెలీదు,
పెట్టెకీ తెలీదు" అని
గోడ మీద గీసినట్టు గాల్లో వేలు ఆడించాడు.

తలెత్తితే క్రేను.
నలభై మీటర్ల పైన గాజుగదిలో మ్వానాయిదీ.
రోజంతా కాళ్ళ కిందికి చూసీ చూసీ మెడ వంగి
ఇంట్లో కూడా ఆవిడ పళ్ళెంతోనే మాట్లాడుతుందని
చెంగో నవ్వాడు.
అంత ఇనుమూ సూదిలో దారంలా దిగి
లారీ మీద కూర్చుంది.
చప్పుడు మాత్రం ఆలస్యంగా మా పళ్ళలోకి వచ్చింది.

తుముహైర్వే మాస్టారు తలా ఒక కంటెయినర్ ఎంచుకోమన్నారు.
నాలుగక్షరాలు, ఏడంకెలు, ఎన్నాళ్ళుగా ఉంది, ఎందుకుంది.
నాది తుప్పురంగుది, మూలన సొట్ట.
పందొమ్మిది రోజులుగా అక్కడే.
కాగితం ఒకటి తక్కువట.
అద్దె మాత్రం పెరుగుతూనే ఉంది,
వడ్డీకి నిద్రెక్కడిది?
లోపల ఏమున్నా దాని ఖరీదు
బయటి ఎండలో కరిగిపోతోంది.
చెయ్యి పెట్టి చూశాను. కాలింది.

అప్పుడు పిలిచాడతను.

పదకొండో బెర్తులో ఓడ,
కమ్మీల మీద మోచేతులానించి
నారింజ రంగు బట్టల్లో ఒక మనిషి.
ఏ దేశమో తెలీదు. ఇంత దూరానికి మొహం
గోరంత.
రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని
ఏదో అరిచాడు.
గాలి సగం తీసుకుంది, క్రేను సగం.
మళ్ళీ అరిచాడు.

"ఓడ మనుషులతో మాట్లాడకూడదు, నిబంధన,"
అన్నాడు చెంగో, ఎవరి వైపూ చూడకుండా.

బస్సులో గొడవ మొదలైంది.
ఇవాళ ఏ వారం అనడిగాడంది కిసాకే.
కాదు, ఫుట్‌బాల్ స్కోరన్నాడు ఒడొంగో,
వాడికి లోకంలో వేరే ప్రశ్న ఉండదు.
ఫోన్ కార్డు కొనిపెట్టమని, డబ్బు కిందికి విసురుతానని
అడిగాడని ఇంకెవరో.
మాస్టారు తనకేమీ వినపడలేదన్నారు
మరీ తొందరగా.
వోయ్ ఊరు దాటేదాకా అరుచుకున్నాం,
ఆ తర్వాత నిద్ర.

తెల్లారి మలాబా సరిహద్దు.
కొస కనపడనంత బారున లారీలు.
డ్రైవర్లు చక్రాల మధ్య పొయ్యి వెలిగించి టీ కాస్తున్నారు,
ఒకడు అద్దంలో చూసుకుంటూ తీరిగ్గా గడ్డం గీస్తున్నాడు,
ఇంటి వసారాలో ఉన్నట్టు.
క్లాసులో దీన్ని జాప్యం అంటాం,
గంటకింత అని లెక్కేస్తాం.

నివేదిక ఇరవై రెండు పేజీలు వచ్చింది.
పెట్టెలు, గంటలు, టన్నులు,
నా తుప్పుపెట్టెకు ప్రత్యేకంగా ఒక పట్టిక.
నారింజ రంగు బట్టలకి అందులో గడి లేదు.
గీద్దామని స్కేలు తీశాను,
పైన ఏ శీర్షిక పెట్టాలో తెలియక
మళ్ళీ లోపల పెట్టేశాను.

నిజానికి ఆ రోజు నేను చెయ్యి ఊపాను.
చెంగో చూడకుండా, నడుం దగ్గర, కొంచెంగా.
అతను ఊపాడో లేదో, అప్పటికే తిరిగిపోయాను.
చెయ్యి ఊపితే జవాబయ్యే ప్రశ్నే
అతను అడిగి ఉంటే బావుణ్ణు.