ఇంటిదొంగ

ఈ వారంలో మూడోసారి.
తాళం తిప్పితే
టిక్, అంది. అంతే.
రాత్రి పన్నెండున్నర వోల్టులతో పడుకున్న బండి
పొద్దున్నకి తొమ్మిదితో లేచింది,
లేచిందనడం కూడా అబద్ధమే.

ముప్పై ఏళ్ళ ల్యాండ్ క్రూజర్.
అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు.
వానలో గొడుగు కొన్నంత తొందరగా కొన్నాను,
మెనిండీ చెరువుల దాకా పోవాలని.
ఇప్పుడది ఆర్జెంట్ వీధి మలుపే తిరగనంటోంది.
స్టీరింగు పట్టుకుంటే
మొండి ఎద్దు మెడ పట్టుకున్నట్టుంది.
కుడికి తిప్పితే మూలుగు,
ఎడమకి తిప్పితే ఇంకాస్త పెద్ద మూలుగు.

రెండు జబ్బులు, అన్నాను.
పక్కింటి డెనీస్ ట్రెగెంజా
కంచె గుంజ మీద టీ కప్పు పెట్టి ఇటు దాటింది.
గని వర్క్‌షాపులో ముప్పై ఒక్కేళ్ళు,
ఎడమచేతికి నాలుగు వేళ్ళు,
ఐదోదాని సంగతి ఈ వీధిలో ఎవరూ అడగరు.
"ఎన్నని నువ్వు చెప్పకు,
మీటరు చెప్తుంది" అంది.

మైనస్ తీగ ఊడదీసి మధ్యలో మీటరు కలిపాం.
తలుపు తెరిచే ఉంచి
గొళ్ళెం మాత్రం స్క్రూడ్రైవరుతో నొక్కి
మూసేశామని బండిని నమ్మించాం.
లోపలి దీపం ఆరింది.
అంకె మాత్రం ఆరలేదు, రెండు పాయింటు నాలుగు.
అన్నీ కట్టేసిన బండిలో
చీకట్లో కూచుని ఎవరో భోంచేస్తున్నారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు,
ఈశ్వరుడి దగ్గర ఫ్యూజులు పీకే పట్టకారు లేదు గనక.

మోకాళ్ళ మీద కూచుని
ఒక్కోటీ పీకుతూ, అరిచి అడుగుతూ పోయాను.
రేడియో?
"కాదు."
సిగరెట్ లైటరు?
"కాదు."
గడియారం,
బ్యాటరీ చచ్చినప్పుడల్లా
ఒంటిగంటకి మళ్ళీ పుట్టే పిచ్చిది.
"చివరి అంకె ఉలిక్కిపడింది. అది కాదు."
వెనక వైపరు?
జవాబు లేదు, టీ తాగుతోంది.
ఎర్రవి, నీలివి, పసుపువి,
ఇరవై రెండూ నా దోసిట్లోకి వచ్చేసినా
అక్కడే నిలబడింది అంకె.
తిలాపాపం తలా పిడికెడనుకున్నాను గాని
ఇక్కడ అందరూ నిర్దోషులే.
అది ఇంకా భయం.

డెనీస్ అట్టముక్క పరిచి బండి కిందికి దూరింది.
"తిప్పు."
తిప్పాను.
"ఇటు."
ఒక్కో కీలు మీదా చెయ్యేసి చూస్తోందని
బయట మిగిలిన బూట్లు చూస్తే తెలుస్తోంది.
ఏ కీలూ వదులు కాలేదట.
చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి,
ఎర్రగా, తడిగా.
నా గుండె ఆగింది.
నూనె. మాడిన బెల్లం వాసన.

"ఎక్కడినుంచి కారుతోందో ఎవరైనా చూస్తారు,
ఎక్కడ పడుతోందో చూడు."

స్టీరింగు గొట్టం మెడ దగ్గర
వెంట్రుకంత చీలిక.
అక్కడినుంచి చుక్క,
చుక్క వెనక చుక్క,
సరిగ్గా ఆల్టర్నేటరు నెత్తిన.
ఎన్ని నెలలుగానో!
దాని కడుపులో ఎక్కడో ఒక డయోడు
ఇటే తప్ప అటు దారివ్వనని ఒట్టేసుకుని పుట్టినది,
నూనెలో నాని నాని
ఒట్టు తీసి గట్టున పెట్టింది.
రాత్రంతా కరెంటు వెనక్కి నడుస్తోంది
ఏ ఫ్యూజుకీ చెప్పకుండా.

బ్యాటరీ విప్పి, ఆ లావుపాటి తీగ ఊడదీసి, మళ్ళీ మీటరు కలిపితే
సున్నా.
అంత అందమైన సున్నా
నేను స్కూల్లో కూడా ఎప్పుడూ తెచ్చుకోలేదు.

గొట్టం ఇక్కడే దొరుకుతుంది.
ఆల్టర్నేటరు అడిలైడ్ నుంచి గురువారం లారీలో.
మెనిండీలో నీళ్ళు అప్పటిదాకా ఆగుతాయి,
ఆగకపోయినా చేసేదేం లేదు.

ఫ్యూజులన్నీ గుచ్చాక
గడియారం లేచి ఒంటిగంట అంది.
దిద్దబోతుంటే డెనీస్ అడిగింది,
"సిడ్నీ టైమా, మనదా?"
ఈ ఊరు అక్కడికి అరగంట వెనక.
నేను వచ్చి నాలుగు నెలలు,
ఫోను తప్ప ఏదీ దిద్దుకోలేదు.
మనదే, అన్నాను కాస్త ఆగి.

బానెట్టు మీద ఒక నీలం ఫ్యూజు మిగిలిపోయింది.
ఎక్కడిదో ఇద్దరికీ గుర్తులేదు.