జలగ మేజోళ్లు

మత్తికెరె సంతబీదిలో మాది రెండో అంగడి.
చౌడేశ్వరి టైలర్స్.
బోర్డులో చివరక్షరం ఊడిపోయి నాలుగేండ్లు.

పోయిన ఏప్రిల్లో తన్మయి వచ్చి
కాళ్లు కొలవమనింది.
పదహారేండ్ల పిల్ల పిక్క చుట్టూ
టేపు వేసింది ఇదే మొదలు నాకు.
"జలగలు మామా. మామూలు మేజోళ్లైతే
దారం సందులోంచి దూరతాయంట."

బోర్నియో అంట. సముద్రం అవతల.
అడవిలో మనిషిలాంటి కోతుల్ని కాపాడను
బడి పిల్లోళ్లు పన్నెండుమంది, నాలుగు వారాలు.
వాళ్ల నాయన కట్టిన సొమ్ము
నా అంగడికి మూడేండ్ల బాడుగ.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
సూదితో పాటు పండ్ల మధ్య పట్టుకున్నా.

మాది ధర్మవరం పక్క.
వానే మరిచిపోయిన నేల మీద పుట్టినోణ్ణి
నీళ్లు కారే అడవికి కుట్టమంటే
ఏ గుడ్డ తీసేది?
దట్టమైన కోరా, రెండు పొరలు,
మోకాలి దగ్గర బొందు.
దూరితే దూరనీ చూస్తా అనుకుని
కుట్టు మీద కుట్టు వేసినా.

జూన్‌లో తిరిగొచ్చి
మేజోళ్లు మిషను మీద పెట్టింది.
ఉతికినా పోని నల్లబురద మరక.
"ఒక్కటీ దూరలేదు మామా.
మెడ మీదికి ఎక్కినాయి."

బొప్పాయిలు కోసిందంట. బక్కెట్లు కడిగిందంట.
మొక్కలు మోసి బురదలో నాటిందంట.
మధ్యాన్నం వెల్లకిలా పండుకుని
చెట్ల కొనల్లో గూళ్లు లెక్కపెట్టిందంట.
ఆకు పచ్చగుంటే రాత్రిది,
ఎండిపోతే పోయిన నెలది,
సందులోంచి ఆకాశం కనపడితే ఎప్పటిదో.
నూటా నలభై ఏడు.
"మరి కోతి?"
"ఒక చెయ్యి చూసినా.
ఆకుల్లోంచి వచ్చి, కాయ తెంపుకొని
లోపలికి పోయింది."
తన చెయ్యి పైకెత్తి
మెల్లగా ముడిచి చూపించింది.

అక్కడ మొక్కలు మోసే జైనల్, దీని ఈడోడే,
అడిగినాడంట:
మీ ఊర్లో ఏం జంతువులుంటాయి?
వాటిని లెక్కపెట్టను ఏ దేశమోళ్లు వస్తారు?
"కుక్కలుంటాయన్నా మామా," అని నవ్వబోయి
ఆగిపోయింది.

పక్కంగట్లో బోండాలు ఏగుతాండాయి.
నూనె డబ్బా మీద తాటిచెట్టు లాంటి బొమ్మ.
చానాసేపు చూసింది.
తినిందా అంటే తినింది. ఆకలి ఆకలే.
రెండోది వద్దనింది.

ఆ వారంలోనే ఎర్రగుడ్డ అడిగింది.
టార్చికి కట్టనంట,
తెల్ల వెలుతురు దాని కండ్లను పొడుస్తుందంట.
"దేని కండ్లను?"
"దేవాంగపిల్లి."

నా కాలు పెడలు మీద నిలిచిపోయింది.
మా అవ్వ నన్ను పిలిచిన పేరది.
మగ్గం గుంటలో కండ్లూ పక్కటెముకలూ తప్ప
ఏమీ కనపడని పిల్లోణ్ణి,
దేవాంగుల ఇంట్లో పుట్టిన దేవాంగపిల్లిని.
ఆ పేరుతో ఒక జీవముందని తెలుసు.
నేను రోజూ సైకిలు తొక్కే గోడ అవతల
ముప్పై ఏండ్లుగా
నాతో పాటే బాడుగకుందని తెలీదు.

అమ్మవారి చీరలో మిగిలిన ఎర్ర ముక్క ఇచ్చినా.
టార్చి ఎత్తి పట్టుకోను మనిషి కావాలంటే
నేనే పోయినా.

రాత్రి పదకొండు. నలుగురు పిల్లోళ్లు, నేను.
ఆ మేజోళ్లే వేసుకుంది.
ఇక్కడ జలగల్లేవు పాపా అంటే
"అలవాటు" అనింది.
గంటన్నర ఏమీ లేదు.
వాచ్‌మన్ వచ్చి ఏం పోగొట్టుకున్నారని అడిగినాడు.
ఎవరం జవాబు చెప్పలేదు.

కరెంటు తీగె కోసం కొమ్మ కొట్టేసినారొక చోట.
ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ మధ్య
కుట్టు విడిపోయినట్ల సందు.
ఆ అంచుకొచ్చి ఆగినాయి
రెండు నిప్పుకలు.
మమ్మల్ని చూసినాయి. అవతలి కొమ్మను చూసినాయి.
మళ్లీ మమ్మల్ని.

"ఒకటి," అని గుసగుసగా
పుస్తకంలో రాసుకుంది తన్మయి.

నా చెయ్యి దానంతటదే
ఆ సందును కొలిచింది.
మూడు మూరలు, మహా అంటే నాలుగు.
నూలు తాడైతే వానకు కుళ్లిపోతుంది.
నైలాను చూడాల.