మార్కుల్లేని గది

మొదటి గీత నాది కాదు.
ఇళంగోవన్ సార్ బటర్ పేపర్ పరిచి
బిల్డింగు కంటే ముందు ఒక బాణం గీశారు:
గాలి ఇక్కణ్ణించి.
మధ్యాహ్నం మూడింటికి కాశిమేడు మీదుగా
చేపల వాసనతో సహా సముద్రం ఊపిరి వదుల్తుంది,
వ్యాసర్‌పాడి దాకా దాన్ని పిలుచుకు రావాలి, అంతే, అన్నారు.
కార్పొరేషన్ జోనల్ ఆఫీసంటే
మిగిలిందంతా ఆ బాణానికి దారి వదలడమే.

తూర్పు గోడ నిండా కాల్చిన మట్టి జాలీ,
ఒక్కో కన్ను అరచెయ్యంత.
పడమటి గోడకి కిటికీలు లేవు.
అలిగి వీపు తిప్పి కూచున్న మనిషిలా ఉంటుంది.
మెట్లూ బీరువాలూ పాత రికార్డులూ అటు,
రోహిణి కార్తె ఎండ ముందు వాటితో మాట్లాడుకోనీ.
శ్లాబు లోపల బోర్లించిన మట్టిచట్లు,
అవి ఉన్నంత మేరా సిమెంటు లేదు.
లెక్క రాసింది నేనే: రెండువేల నూటపదకొండు,
పగిలినవి కాక.

నేల ఎంత ఎత్తు లేపాలని అడిగితే
సార్ ఎదురుగా టీకొట్టు గోడ చూపించారు.
పదిహేనో సంవత్సరం డిసెంబరు నీళ్ళు
అక్కడొక మట్టిరంగు గీత గీసి పోయాయి.
మా ప్లానులో రెండో గీత అదే.

మూడోది నాది.

మా అమ్మ పెంచలమ్మ ఈ వార్డే ఊడ్చింది, ఇరవై ఆరేళ్ళు.
చీకటితో నాలుగున్నరకి హాజరు,
పాత ఆఫీసు వెనక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి.
చీర మార్చుకోడానికి చెత్తలారీ చాటు.
కాళ్ళు కడుక్కోడానికి వీధి చివర చేతిపంపు,
అదీ ఎవరూ చూడకపోతే.
ఇంటికొచ్చి గడప అవతలే ఆగి
"దగ్గిరికి రాబాకమ్మా, ఇంకా నీళ్ళు పోసుకోలా" అనేది.
అరవం ఊళ్ళో మాకు మిగిలిన నెల్లూరు మాటల్లో
నేను మొదట నేర్చుకున్న వాక్యం అది.

గ్రీన్ రేటింగు కాగితంలో
జాలీకి మార్కులున్నాయి, సోలారు పలకలకి, వాననీటి తొట్టికి,
సైకిలు స్టాండుకి కూడా ఒకటుంది.
ఊడ్చి వచ్చిన మనిషి స్నానానికి గడి లేదు.
గడి లేనిదానికి గది ఎలా అడగాలి?

అడిగాను.
వెనకాల జనరేటర్ పక్కన పెట్టండి,
అక్కడ ఖాళీ ఉందిగా, అన్నారు మీటింగులో ఎవరో.
నేను పెన్సిలు తీసి బాణం మొన దగ్గర పెట్టాను.
గుమ్మం పక్కనే, తూర్పు జాలీ వెనక,
గాలి మొదట తాకే చోట.
ఎనిమిది షవర్లు, అరవై లాకర్లు, ఒక నిలువుటద్దం.
జోనల్ ఆఫీసరు గదిలో పదడుగులు తగ్గుతుంది.
సార్ చాలాసేపు ఏమీ అన్లేదు.
తర్వాత రబ్బరు తీసుకుని
తను గీసిన గోడ తనే చెరిపారు.

ఆ స్నానాల నీళ్ళు కాలవలో కలవవు.
కంకరలోంచి, ఇసుకలోంచి, మెట్టతామర వేళ్ళలోంచి
నిదానంగా నడిచి నడవాలో ఎర్రపూలవుతాయి.
ఇంటిపన్ను కట్టొచ్చిన వాళ్ళు
వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు.
ఎవరి కాళ్ళు కడిగిన నీళ్ళో
బోర్డు పెట్టలేదు.

తెరిచిన వారానికి అమ్మని తీసుకెళ్ళాను.
గుమ్మంలో చెప్పులు విప్పేసింది.
వేసుకోమంటే వినలేదు.
జాలీ కంట్లో చెయ్యి పెట్టి చూసింది, గాలి నిజంగా వస్తుందా అని.
తలెత్తి కప్పు చూసి
"ఇన్ని చట్లు బోర్లిస్తే కూడెందులో వండుకుంటారు" అని నవ్వింది.
షవరు తిప్పింది. మూసింది. మళ్ళీ తిప్పింది.
అద్దం ముందు ఒక పిల్ల, ఇరవై దాటి ఉండవు,
షిఫ్టు దిగి, తడిజుట్టుతో బొట్టు పెట్టుకుంటోంది.
అమ్మ ఆ పిల్లనే చూస్తా నిలబడింది.

బయటికొచ్చాక ఒక్కటే అడిగింది:
"సబ్బు యాడ పెట్టుకుంటారు మే? గూడే లేదు."

నిజమే, మర్చిపోయాను.
రేపు మేస్త్రీకి చెప్పాలి, ఎనిమిది గూళ్ళు.
ఎత్తు అమ్మే చూపించింది,
గోడకి మోచెయ్యి ఆనించి.