కాకి ముంచిన రొట్టె

ధర్మవరంలో, మా మగ్గాల సందులో
పదకొండయ్యిందంటే ఆ కాకి వచ్చేస్తుంది.
ముక్కున నిన్నటి జొన్నరొట్టె ముక్క.
పెంకులా ఎండి
గట్టుకు తగిలితే మోగుతుంది.

నేరుగా తినదు.
పట్టు నానేసిన బేసిన్ అంచున నిలబడి
ముంచుతుంది, తీస్తుంది, నొక్కి చూస్తుంది,
చాలదని మళ్లీ ముంచుతుంది.
పోగులకు పిండి అంటుతుందే అని నేను కేకలేస్తే
రెండడుగులు పక్కకు గెంతి
ఇంకెవరినో తిడుతున్నానన్నట్టు చూస్తుంది.

"పోనీలేమ్మే, దానికీ పండ్లు లేవు గదా"
అంటుంది చౌడమ్మత్త
తన రొట్టెను మజ్జిగలో అద్దుకుంటా.

మొన్న దానికి యాడ దొరికిందో, బిస్కెట్టు!
అలవాటు కొద్దీ ముంచింది.
తీసేసరికి ముక్కులో ఏమీ లేదు.
ఒక కంటితో నీళ్లలోకి చూసింది.
తల తిప్పి రెండో కంటితో చూసింది.
బేసిన్ చుట్టూ నడిచొచ్చి
కింద కూడా చూసింది.

నేను పడీపడీ నవ్వాను.
చౌడమ్మత్త నవ్వలేదు.
గిన్నెలోంచి మెత్తబడ్డ ముక్కొకటి తీసి
గట్టు మీద పెట్టింది.

మజ్జిగ కారుతున్న ఆ ముక్కను
కాకి జాగ్రత్తగా కరుచుకుని
తిన్నగా వచ్చి
మా బేసిన్‌లోనే ముంచింది.