కొర్లగుంటలో క్రల్లర్

పగలంతా ఆస్పత్రిలో
తీపి మానమని చీటీలు రాసి రాసి
వేళ్లకు సిరా, నోటికి చేదు.

సాయంత్రం కొర్లగుంట మలుపులో
చెంగల్రాయుడు
గుడ్లు కొట్టి ఎనిపిన పిండిని
మురుకుల గొట్టంలో కూరి చుట్టలు చుట్టి
నూనెలోకి జారవిడస్తా ఉండాడు.
"ఫ్రెంచోళ్ల బాదుషా మేడమ్, క్రల్లరంటారు!"
అది ఉబ్బి, బోర్లాపడి, ఎర్రగా వేగి
పాకంలో ఒక మునక వేసి లేచింది.
ఆరేకొద్దీ ఒంటిమీద పలచని గాజు.

లెక్క నాకు నోటికొచ్చు.
రెండొందల చిల్లర కెలోరీలు,
పీచు లేదు, మాంసకృత్తులు పేరుకు,
మిగిలిందంతా నూనే, చక్కెరే, మైదానే.

కొరికినా.
గాజు పుటుక్కుమనింది.
లోపల చూస్తే సగం గాలి!
తేనెపట్టు మాదిరి అరలు,
అరల్లో గుడ్డువాసన, వెచ్చటి ఆవిరి.
ఆ గాలికి
నా పట్టికలో గడి లేదు.

రేపు పొద్దున్నే మునిరత్నమ్మ వస్తాది,
మూడొందలు దాటిన షుగరుతో.
"ఒక్కటి తింటే ఏమవతాదమ్మా?" అంటాది.
ఎప్పుడూ కసిరేదాన్ని.

రేపూ వద్దనే రాస్తా.
రాసేటప్పుడు
పెన్ను వేలికి
కొంచెం అతుక్కుంటాది.