చదివింపుల పుస్తకం

ఫహాహీల్‌లో మా ఆఫీసు రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే సముద్రం,
తెరవకూడదని సర్క్యులర్.
ఏడాదికోసారి, జూన్ నెలలో
నలభై ఒక్కమంది శాస్త్రవేత్తలు నా బల్ల మీదికొస్తారు.
ఎవరు ఎన్ని పేపర్లు రాశారు,
వాటిని ఎవరెవరు తలుచుకున్నారు,
తలిచిన ప్రతిసారికీ ఒక అంకె.
అంకెను బట్టి అకామా.

నాకు సైన్సు రాదు. రాయచోటిలో బీకాం.
కానీ మా మేనమామ పెళ్ళిళ్ళలో
చదివింపుల దగ్గర కూచునేవాడు, పక్కన నేను.
ఎవరిది నూటపదహార్లు, ఎవరిది స్టీలు బిందె,
ఆ పుస్తకం చూసే కదా
రేపు వాళ్ళింటికి ఎంత పట్టుకెళ్ళాలో తేలేది!
ఇక్కడా అంతే.
ఒకాయన పేపరు చివర ఇంకొకాయన పేరు,
మరుసటేడు ఆయన చివర ఈయన పేరు.
మర్యాదస్తులు, బాకీ ఉంచుకోరు.

అందరి పెళ్ళీ ఒకలాంటిది కాదు మరి.
గుండెజబ్బుల వాళ్ళది ఊరు ఊరంతా కదిలే పెళ్ళి,
నెల తిరక్కుండా మూడు వందల చదివింపులు.
లెక్కల వాళ్ళది రిజిస్ట్రారాఫీసు పెళ్ళి:
రెండు దండలు, కొద్దిమంది సాక్షులు,
వాళ్ళలో ఒకడు వాచ్‌మన్.
రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదని
ఏదో భాగహారం నేర్పారు.
చేస్తాను.
శేషం ఎంతని ఎవరూ అడగరు.

డాక్టర్ ఓరుగంటి సాంబమూర్తి గారు.
వయసు యాభై ఎనిమిది, పేపర్లు అరవై మూడు.
ఉప్పు తీసేసిన సముద్రం
గొట్టాల్ని ఎట్లా కొరుక్కు తింటుందో,
దాని మీద రాసినవి బాగానే నడిచాయి.
ఒకదాన్ని పళ్ళ డాక్టర్లు కూడా ఎత్తుకున్నారు.
ఎందుకు సార్ అంటే,
"తినేది తింటుందమ్మా, గొట్టమైతేనేం పన్నైతేనేం" అని నవ్వారు.

కానీ ఆయన మొదట అడిగేది ఎప్పుడూ నలభై ఏడో నంబరు.
మహబూలాలో కూలీల బిల్డింగుల మీద నీళ్ళ ట్యాంకులు.
మధ్యాహ్నం రెండింటికి ఎంత కాగుతాయి,
క్లోరిన్ ఎంతసేపు నిలుస్తుంది.
రెండు ఎండాకాలాలు మేడలెక్కి కొలిచారు.
థర్మామీటరు పట్టుకున్నది
ట్యాంకరు నడిపే ఎల్లారెడ్డిపేట బక్కయ్య.
చివర కృతజ్ఞతల్లో ఉన్నాడు, బుక్కయ్య అని.
ట్యాంకులకు తెల్లరంగు వేస్తే చాలునని తేల్చారు.

"ఎవరైనా?"
"ఎవరూ లేరు సార్."
ఆరేళ్ళు ఇదే మాట.
సున్నా వేసేటప్పుడు పెన్ను మెల్లగా తిప్పేదాన్ని,
గుడ్డేదో పగులుతుందన్నట్టు.

ఈ జూన్‌లో ఒకటి వచ్చింది.
ట్యునీసియాలో ఎవరో అమ్మాయి, ఇంకా చదువుకుంటోందట.
కూడబలుక్కుని చదివాను:
సాంబమూర్తి తేల్చింది నిలవదు,
తెల్లరంగు మీద నెలలోపే దుమ్ము పేరుకుంటుంది,
కావలసింది రంగు కాదు, నీడ.

పొద్దున్నుంచీ నోరు రాలేదు.
సాయంత్రం కాగితం ముందు పెట్టి గోడ చూస్తూ నిలబడ్డాను.
ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని
రెండుసార్లు చదివారు.
"మేడెక్కిందమ్మా ఈ పిల్ల," అన్నారు,
"ఎక్కకుండా ఈ మాట రాయలేదు."

నలభై ఏడు ఎదుట ఒకటి వేశాను.
పొగడ్తో తిట్టో అడిగే గడి ఆ పట్టీలో లేదు.
ఒక పెళ్ళిలో, పప్పులో ఉప్పు లేదని
రభస చేసి వెళ్ళిపోయిన చుట్టం పేరు
రాయాలా వద్దా అని ఆగితే,
"వచ్చాడు కదే, రాయి," అన్నాడు మామ.

శుక్రవారం మహబూలాలో
బక్కయ్య, సారు, ఇంకో నలుగురు కుర్రాళ్ళు
నర్సరీలో దొరికిన పాత పచ్చ వలను
ట్యాంకుల మీద పందిరిగా కట్టారు.
నేను కింది మెట్టు మీంచి తాళ్ళు అందించాను.

పై శుక్రవారం, మధ్యాహ్నం రెండు.
బక్కయ్య కుళాయి తిప్పి చెయ్యి పెట్టాడు.
ఏమీ అనలేదు.
రెండో చెయ్యి కూడా పెట్టాడు.